గోచీకి జీఎస్టీ

ఆషాఢం వచ్చిందంటే మా గోదావరి జిల్లాల్లో రెండు పనులు ఒకేసారి ఊపందుకుంటాయి. చేలల్లో సార్వా ఊడ్పులు, బట్టల కొట్లలో తగ్గింపు అమ్మకాలు. ఒకచోట ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో వంగుతారు, రెండోచోట మోకాలెత్తు చీరల గుట్టల్లో వంగుతారు. రెండుచోట్లా నడుములు పట్టేస్తాయి. తేడా అల్లా ఒక్కటే. మొదటివాళ్ళు సాయంత్రానికి డబ్బు పుచ్చుకుని ఇంటికెళ్తారు, రెండోవాళ్ళు డబ్బు వదిలించుకుని వెళ్తారు.

ఈసారి ఈ రెండింటికీ మూడోపని తోడైంది. రాజమండ్రిలో ఒక ఏసీ హాల్లో ‘ఒక్క చీర – ఇరవై కట్లు’ అని ఒకరోజు శిక్షణ. చీర కట్టడంలో సృజనాత్మకత నేర్పుతారట. రుసుము 1,800 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. పిన్నీసులు మాత్రం ఉచితం. మా అక్క కూతురికి శ్రావణంలో పెళ్ళి. “పిన్నీ, నువ్వూ రావాల్సిందే” అని పట్టుబట్టింది. సరిగ్గా ఆ వారమే కళ్ళు చూపించుకోడానికి బండారులంక నుంచి మా దొడ్డమ్మ వచ్చి ఉంది. ఎనభై దాటిన మనిషిని ఇంట్లో ఒక్కతినీ వదిలెయ్యలేక వెంటబెట్టుకెళ్ళాం. మేం చేసిన పొరపాటు అదే. మగ్గం గుంట పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. కళ్ళకి మసకలొచ్చాయి గానీ వేళ్ళకి రాలేదు.

శిక్షణ ఇచ్చే అమ్మాయి హైదరాబాదు నుంచి దిగింది. చెయ్యి తిరిగిన పనిమంతురాలు, అబద్ధమెందుకు. కుచ్చిళ్ళు పేకముక్కల్లా పరిచేస్తోంది. కోల్‌కతాలో డాలీ జైన్ అనే ఆవిడ చీరను 325 రకాలుగా కడుతుందనీ, సినిమాతారల పెళ్ళిళ్ళకి ఆవిడే వెళ్ళి చీర కట్టి వస్తుందనీ, ఇప్పుడిది పెద్ద వృత్తి అనీ చెప్పింది. గోదావరి గట్టుమీద కూడా అలాంటివాళ్ళు పుట్టాలని దీవించింది. హాలంతా చప్పట్లు. మా దొడ్డమ్మ కూడా కొట్టింది, దేనికో తెలియకపోయినా. పక్కవాళ్ళు కొడితే మనమూ కొట్టాలన్న మర్యాద మా జిల్లాలో ఉంది.

మొదటి కట్టు మొదలైంది. లెగ్గింగు మీద చీర చుట్టి, కుచ్చిళ్ళ అడుగుకొస పట్టుకుని, కాళ్ళ మధ్యనుంచి వెనక్కి లాగి, నడుం వెనక దోపింది. “దీన్ని ధోతీ స్టైల్ అంటారు” అంది మైకులో.

మా దొడ్డమ్మ నా చెవిలో చెప్తున్నాననుకుని హాలంతటికీ చెప్పింది. “ఏటే, ఆ పిల్ల గోచీ పోత్తంది?”

“అమ్మమ్మగారూ, ఇది ఇండో వెస్ట్రన్ అండీ” అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

“ఆయ్, అలాగేనండి. అయితే మా అత్తగారు ఇండో వెస్ట్రను కట్టుకునే వడ్లు దంచేదండి. పద్దెనిమిది మూరల కోక.”

18 మూరలంటే తొమ్మిది గజాలు. ఆవిడ గోచీకి 18 మూరలు పట్టింది, మా గోచీకి 1,800 పట్టింది, మధ్యలో ప్రభుత్వానికి 18 శాతం దక్కింది. గోచీ మాత్రం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. కాకపోతే అప్పటి గోచీకి పని ఉండేది, ఇప్పటి గోచీకి పన్ను ఉంది.

ఆ తర్వాత కట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చీరమీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడిగి ‘షర్ట్ శారీ’ అంది. ఎండ కాల్చకుండా, వరి ఆకు కొయ్యకుండా మొగుడి పాతచొక్కా చీరమీద తొడుక్కుని చేలో దిగే మా ఆడకూలీలకి తాము ఫ్యాషను మొదలెట్టామని ఎవరూ చెప్పలేదు. చొక్కా వదులుగా ఉండటాన్ని ‘ఓవర్‌సైజ్’ అంటారట. వాళ్ళు కావాలని ఎంచుకున్న వదులు కాదమ్మా అది, మొగుడి ఒడ్డూ పొడుగూ. తర్వాత నడుముకి పటకా బిగించి ‘బెల్టెడ్ శారీ’ అంది. గడ్డిమోపు ఎత్తుకునే ముందు తువ్వాలుతో దట్టీ బిగించే మనిషికి అది బెల్టని తెలియదు, నడుంనొప్పికి మందని తెలుసు. చీలమండ పైకి చీర లేపి, కింద తెల్లబూట్లు తొడిగి ‘యాంకిల్ లెంగ్త్’ అంది. ఎగ్గట్టుకోవడం అని మనకి చక్కని మాటే ఉంది. బూట్లే లేవు.

చెంగు మూలన చిన్న సంచి కుట్టి ‘పాకెట్ శారీ’ అన్నప్పుడు మా దొడ్డమ్మ మాట్లాడలేదు. తన కొంగు కొసన ముడి విప్పి, మడతలుపడ్డ వందనోటు తీసి, మళ్ళీ ముడేసి, బొడ్లో దోపుకుంది. ఏ సభలోనైనా ఇంతకన్నా క్లుప్తమైన ఖండన నేను వినలేదు.

ఇక మోకాళ్ళ దగ్గర బిగించి, కింద చేపతోకలా విప్పార్చే కట్టు ఒకటి. ‘మెర్మెయిడ్’, అంటే మత్స్యకన్య. ఉప్పాడ రేవులోనూ అంతర్వేది పల్లిపాలెంలోనూ చేపలతట్ట నెత్తినెత్తుకుని, నడకో పరుగో తెలియని వేగంతో వెళ్ళే ఆడవాళ్ళు ఆ కట్టు కడితే మొదటి బస్సు తప్పిపోతుంది, చేప మెత్తబడుతుంది. చేపతో బతికేవాళ్ళెవరూ చేపలా కట్టుకోరు.

ఒక్క కట్టుకి ఎన్ని పిన్నీసులో లెక్కపెట్టాను. పదిహేడు. “ఇది చీర కట్టడమా, మేకులు కొట్టడమా?” అంది దొడ్డమ్మ. శిక్షకురాలు ఆ మాట వినలేదు, లేదా విననట్టు ఉండగలిగింది. అదీ ఒక కళే, ఇరవైఒకటోది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అమ్మాయి అడిగింది. “పిన్నీ, మన గోచీని మనకే అమ్ముతున్నారంటావు. మరి మనం ఎందుకు కొంటున్నాం?”

మంచి ప్రశ్నే. దానికి జవాబు నర్సాపురంలో ఉంది.

నర్సాపురం పక్కన మాధవాయపాలెం అని ఊరు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టి, చుట్టుపక్కల మగ్గాలమీద నేసిన మెత్తటి నూలుగుడ్డ ఓడలకెత్తింది. దొరల నోటికి ఊరిపేరు తిరగక ‘మాడపొల్లం’ అయింది. ఊరిపేరే గుడ్డపేరైంది. అటు కోరంగి వైపు ఇంజరంలోనూ వాళ్ళదే ఇంకో స్థావరం. తర్వాత కొన్నాళ్ళకి ఇంగ్లండులో మిల్లులు లేచాయి. అవి అదే రకం గుడ్డ నేసి, అదే పేరు పెట్టి, మాడపొల్లం అని లోకమంతా అమ్మాయి. మన దేశానికీ తెచ్చాయి. ఇవాళ కూడా కొన్ని దేశాల్లో బట్టల పనివాళ్ళకి మాడపొల్లం అంటే ఏ రకం గుడ్డో తెలుసు. నర్సాపురం బస్టాండులో అడగండి, ఎవరికైనా తెలుస్తుందేమో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర మన చేలకి నీళ్ళిచ్చాడు. అదే కాలంలో మాంచెస్టర్ కాటన్ మన మగ్గాలకి నీళ్ళొదిలింది. మొదటి కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి. రెండో కాటన్‌కి అక్కర్లేదు, ఒంటిమీదే ఉంది.

అదే నర్సాపురంలో ఇంకో కథ. 1844 ప్రాంతంలో మెక్‌రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారు. కొక్కెం సూది ఆడినంతకాలం ఆ లేసు సముద్రాలు దాటింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు ఈ లేసు అల్లేవాళ్ళమీద ఒక పుస్తకమే రాసింది. పొద్దస్తమానం కళ్ళు పోగొట్టుకుని అల్లినా వాళ్ళని గృహిణులంటారు గానీ పనివాళ్ళనరని, తీరికవేళ కాలక్షేపం అంటారు కాబట్టి కూలి కూడా కాలక్షేపంగానే ఇస్తారని దాని సారం. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేసుకి గుర్తింపు వచ్చింది, అల్లినావిడకి కళ్ళజోడు వచ్చింది.

కనక, అమ్మాయీ, మనం కొంటున్నది గోచీని కాదు. గోచీకి పెట్టిన ఇంగ్లీషు పేరుని. మన ఇంట్లో ఉన్నంతకాలం అది మోటు. ఒకసారి ఓడెక్కి దిగితేనో, విమానమెక్కి దిగితేనో అది ఫ్యాషను. మా ఊళ్ళో కొబ్బరిబొండం ఎవడూ తాగడు, అదే హైదరాబాదులో సీసాలో పోసి స్ట్రా పెడితే చల్లగా ఎంత బాగుందో అంటాడు. ఇదీ అంతే.

మధ్యాహ్నం రెండో భాగం మొదలైంది. శిక్షకురాలు మనందరం రోజూ కట్టుకునే మామూలు కట్టుని చూపించి, దాని పేరు ‘నివీ’ అని, అది ఆంధ్రదేశం లోకానికిచ్చిన కానుక అని చెప్పింది. మళ్ళీ చప్పట్లు. నిజమే, చీరకట్లమీద పుస్తకాలు రాసేవాళ్ళంతా మన పేరే చెబుతారు. అయితే అసలు కథ కొంచెం మెలికలు తిరిగి ఉంది, కుచ్చిళ్ళలాగే. లోపల లంగా, పైన జాకెట్టు, ఎడమభుజం మీద పైట అనే ఈ నాజూకు పద్ధతిని చదువుకున్న ఇళ్ళకి అలవాటు చేసినవాళ్ళలో పెద్దపేరు జ్ఞానదానందినీదేవిది. రవీంద్రనాథ్ ఠాగూరుకి వదినగారు. భర్త ఉద్యోగం కోసం బొంబాయి వెళ్ళినప్పుడు అక్కడి పార్సీ ఆడవాళ్ళ కట్టు చూసి, దానికి తన మార్పులు చేసి, కలకత్తా తెచ్చింది. 1871లో ‘బామాబోధినీ పత్రిక’లో ప్రకటన కూడా ఇచ్చింది, కావాలన్నవాళ్ళకి ఈ కట్టు నేర్పుతానని. అంటే మా ఏసీ హాలుకి 150 ఏళ్ళ పైబడ్డ చరిత్ర ఉంది. కాకపోతే ఆవిడ నేర్పింది గడపదాటి నలుగురిలోకి వెళ్ళడానికి, మేం నేర్చుకునేది నలుగురూ ఫోన్లో చూడటానికి.

ఇంతకీ ‘నివీ’ అంటే ఏమిటని మా అమ్మాయి అడిగింది. సంస్కృతంలో నీవి అంటే పోకముడి. నడుం దగ్గర వేసే ముడి. దానికి రెండో అర్థం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను, ఇప్పుడు చెబితే భోజనం అరగదు.

మన కట్లని లెక్కపెట్టడానికి కూడా బయటివాళ్ళే రావాల్సొచ్చింది. ఫ్రాన్సు నుంచి శంతాల్ బులాంజే అనే మానవశాస్త్రవేత్త వచ్చి, దక్షిణదేశమంతా తిరిగి, ముసలమ్మలని బతిమాలి కట్టించుకుని, నేర్చుకుని, బొమ్మలతో సహా 1997లో పుస్తకం వేసింది. ఆ తర్వాత రితా కపూర్ చిష్తీ దేశమంతా గాలించి 108 కట్లు లెక్కతేల్చింది. వాళ్ళకి దణ్ణం పెట్టాలి. మనం ఆ ముసలమ్మల మనవరాళ్ళం. మనకి తీరిక లేకపోయింది. మన ఇంటి కట్టు మనకి పుస్తకంలో కనిపిస్తే ‘ట్రైబల్ లుక్’ అని ముచ్చటపడతాం.

ఇక్కడ ఒక మాట. నాకు కొత్తకట్లమీద కోపం లేదు. చీరని ఎలా కట్టుకోవాలో కట్టుకునే మనిషి తేల్చుకోవడం అన్నది ఈ దేశంలో నిన్నగాక మొన్న వచ్చిన హక్కు. పైట కుడికా ఎడమకా, గోచీ పొయ్యాలా వద్దా, రవిక తొడగాలా వద్దా అన్నవి ఒకప్పుడు కులం చెప్పేది, ఊరు చెప్పేది. తిరువాంకూరులో కిందికులాలన్న ఆడవాళ్ళు రొమ్ము కప్పుకోడానికి దశాబ్దాలపాటు దెబ్బలుతిని పోరాడితే 1859లో రాజుగారు అనుమతి దయచేయించాడు. అంతదూరం ఎందుకు, ఇదే రాజమండ్రిలో ఎనిమిదేళ్ళ పిల్లకి మొగుడు పోతే ఆమెకి జీవితాంతం ఒక్కటే చీర, ఒక్కటే రంగు, ఒక్కటే కట్టు. ‘స్టైలింగ్’ మంగలి చేసేవాడు. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా మీదపడింది. ఆ పెళ్ళికూతురు మళ్ళీ అంచున్న చీర కట్టుకుంది. ఇరవై కట్లూ ఆ ఒక్క కట్టు ముందు దిగదుడుపే. అందుకని బూట్లమీద చీర కట్టిన అమ్మాయిని చూసి నేను మూతి తిప్పను. తిప్పేవాళ్ళు వేరే ఉన్నారు.

వాళ్ళలో ఒకాయన ఆ రోజు ముఖ్యఅతిథి. ముగింపు సభకి వచ్చాడు. ప్యాంటు, కోటు, టై. చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని “చీర మన సంస్కృతి, దాన్ని కాపాడవలసిన బాధ్యత మహిళలదే” అన్నాడు. కొత్తకట్లు సంస్కృతిని చెడగొడుతున్నాయని బాధపడ్డాడు. ఆ బాధ నిజమే అయి ఉంటుంది, ఏసీలో చెమట పట్టింది. గోదావరి మగాడు పంచెకట్టు ఒక్క తరంలో వదిలేశాడు. ఒక్క సంపాదకీయం రాలేదు, ఒక్క శోకం వినపడలేదు, ఎవరూ ‘ఒక్క పంచె – ఇరవై కట్లు’ అని హాలు అద్దెకి తీసుకోలేదు. పెళ్ళినాడు మాత్రం ముందే కుట్టి, అతుక్కునే పట్టీ పెట్టి, పక్కన ఫోను జేబు తగిలించిన పంచె కొనుక్కుని, అది ఎక్కడ ఊడుతుందోనని పీటలమీద ఊపిరి బిగబట్టి కూచుంటాడు. సంస్కృతి మొత్తం ఆడదాని భుజంమీద పైటలా వేసి, తను చేతులూపుకుంటూ నడుస్తాడు.

“ఆ బాబుకి ఒక్క కట్టయినా నేర్పి పంపండమ్మా, పుణ్యం ఉంటది” అంది మా దొడ్డమ్మ. ఈసారి చప్పట్లు నిజంగా పడ్డాయి.

సభలో ఇంకో ముచ్చట, ‘బాపు బొమ్మ ప్యాకేజీ’. చీర, జడ, జడకుచ్చులు, బొట్టు అన్నీ కలిపి ఒక ధర. 1933లో నర్సాపురంలో పుట్టిన బాపు రెండు గీతల్లో పైట వేసి, మూడో గీతలో ఆ పైట వెనక ఉన్న పొగరు కూడా వేసేవాడు. ప్యాకేజీలో గీతలన్నీ ఉన్నాయి. పొగరు విడిగా కొనుక్కోవాలి కాబోలు. పెళ్ళికూతుళ్ళకి పట్టుచీరలు అద్దెకిచ్చే బల్ల కూడా ఒకటి పెట్టారు. పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకు తిరిగినట్టు అని మన సామెత. ఇప్పుడు పీట పట్టుకు తిరగక్కర్లేదు, డిపాజిట్టు పట్టుకుంటారు. సామెతలకి కూడా స్టైలింగ్ జరిగిపోయింది.

చివరగా అమ్మకం. ఇవన్నీ దీనికోసమే గదా. బల్లమీద ‘ఉప్పాడ’ అని చీటీ పెట్టిన చీరలు గుట్టగా పోశారు. ఆషాఢం తగ్గింపు ధర. మా అమ్మాయి ఒకటి తీసి భుజంమీద వేసుకుంది. దొడ్డమ్మ దాని చెంగు పట్టుకుంది. ముందువైపు చూడలేదు. తిరగేసి, బొటనవేలితో పువ్వుమీద రాసింది. వెనక దారాలు వేలాడుతున్నాయి. పువ్వు పువ్వుకీ కత్తిరించిన కుచ్చు గరగరలాడుతోంది.

“ఇది ఉప్పాడ కాదే. ఉప్పాడలో బస్సు దిగి కూడా ఉండదు” అంది.

ఉప్పాడ జాందానీ అంటే పువ్వు పువ్వుకీ విడిగా దారం చేత్తో ఎక్కించి నేసేది. మగ్గంమీద ఇద్దరు పక్కపక్కన కూచుని, పువ్వు దగ్గర ఆగి, దారం వేసి, ఒక పోగు నేసి, మళ్ళీ ఆగుతారు. పని ఎక్కువున్న చీరకి వారాలు, ఒక్కోసారి రెండు నెలలు. తిరగేస్తే రెండువైపులా ఒకేలా ఉంటుంది. ముందెంతో వెనకంతే. మనుషుల్లో అరుదు కనక చీరలో ఉన్నా మనం నమ్మం. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. చీరతో సహా 11 రకాల బట్టలని చేనేతకే కేటాయిస్తూ 1985 నాటి చట్టం కూడా ఉంది. చట్టం బీరువాలో ఉంది, మరనేత బల్లమీద ఉంది. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతారు. ఆ ఒక్కరోజు పెద్దలంతా చేనేత కట్టుకుని ఫోటో దిగుతారు. ఆగస్టు 8న ఆ చీర ఎక్కడుంటుందో చాకలికి కూడా తెలియదు.

మా ఇళ్ళల్లో తంతు చూడండి. చీరకట్టేవాళ్ళు చెప్పిన రేటు కిమ్మనకుండా ఇస్తాం. కట్టే చీరకి ఇస్త్రీ, ముందుగా కుచ్చిళ్ళు పెట్టి మడతపెట్టినందుకు వేరే కూలి, అదీ కిమ్మనం. బండారులంకలో మగ్గం దగ్గరికెళ్ళి మాత్రం “ఏవండీ, మరీ అంత చెబితే ఎలాగండీ, తగ్గించి ఇవ్వండీ” అని బేరం మొదలెడతాం. గంటసేపు కట్టేవాడికి మర్యాద, నెలరోజులు నేసేవాడికి బేరం. ఇరవై కట్లలో అసలైన మెలిక ఇదే.

మర్నాడు దొడ్డమ్మని దిగబెట్టడానికి కారులో బయల్దేరాం. రావులపాలెం దాటి కొత్తపేట వైపు వెళ్తుంటే రోడ్డుపక్క చేలో ఊడ్పులు. ఆకుమడినుంచి నారుకట్టలు విసురుతున్నారు. పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుకుంటూ పోతున్నారు. మా అమ్మాయి కారాపించింది. గట్టుమీద నిలబడి నోరు తెరుచుకుని చూసింది. అక్కడ షర్ట్ శారీ ఉంది, బెల్టెడ్ ఉంది, యాంకిల్ కాదు మోకాలి లెంగ్త్ ఉంది. నెత్తిన తువ్వాలు ఉంది, దాని ఇంగ్లీషు పేరు మాకు ఇంకా నేర్పలేదు. ఒక్క పిన్నీసు లేదు.

గట్టెక్కి నీళ్ళు తాగుతున్న ఒకావిడని మా అమ్మాయి అడిగింది, ఎలా కడతారో చూపించమని. ఆవిడ నవ్వి, చేతులు కడుక్కుని, మా అమ్మాయి చీర ముందున్న కుచ్చిళ్ళన్నీ ఒక్క గుప్పిట్లోకి తీసుకుంది. పక్కకి లాగి మెలేసి, ఎడంవైపు నడుంలో దోపింది. పైట కుడిచంక కిందనుంచి నడుంచుట్టూ ఒక్క చుట్టు తిప్పి, కొస బొడ్డు దగ్గర కుక్కి, మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. నేను గ్లాసుడు నీళ్ళు తాగేలోపు అయిపోయింది. “ఇప్పుడు వంగండమ్మా” అంది. మా అమ్మాయి వంగింది, లేచింది, గెంతింది. చీర కదల్లేదు.

“నిన్న ఇలాంటివే ఇరవై నేర్పారండీ, పద్దెనిమిది వందలు తీసుకుని” అని నేను నోరుజారాను.

ఆవిడ వరసలో వాళ్ళకేసి తిరిగి గట్టిగా కేకేసింది. “ఒసేయ్, చీర కట్టడం నేర్పితే పద్దెనిమిది వందలంటే! మనం కూడా బోర్డు పెడదాం రండే.” చేనంతా నవ్వింది. అటునుంచి ఒకామె వంగినచోటునుంచే అంది. “ఆళ్ళు ఇరవై నేర్పితే మనం ఇరవైఒకటి నేర్పుదాం. జలగ ఎక్కకుండా కట్టడం ఆళ్ళకేం తెలుసండీ, ఆయ్!”

నిజం. 325లో అది లేదు.

దొడ్డమ్మ కారులోంచి దిగకుండానే ఆ కట్టు చూపించినావిడ చీరకొస చేతిలోకి తీసుకుని, వేళ్ళతో నలిపి చూసింది. “మిల్లు గుడ్డే” అని వదిలేసింది. ఏం చేస్తుంది మరి. చేనేత కొనేంత కూలి చేలో లేదు, చేలో దిగనవసరం లేనంత రాబడి మగ్గంలో లేదు. నేసే ఊరికీ నాటే చేనుకీ మధ్య కొద్ది మైళ్ళే. రెండిటి మధ్యా వెళ్ళే ఏసీ కారులో మేము.

అన్నట్టు, నీవికి రెండో అర్థం చెబుతానన్నాను కదూ. అమరకోశం తిరగెయ్యండి. నీవి అంటే మూలధనం, పెట్టుబడి. ఒకే మాటకి ముడి అనీ పెట్టుబడి అనీ రెండర్థాలు పెట్టిన మహానుభావుడెవరోగాని మన ఆషాఢం తగ్గింపు అమ్మకాలు అప్పుడే చూసినట్టున్నాడు. ముడి ఎవరిదో ఏ చేనిగట్టుమీద నిలబడి చూసినా తెలుస్తుంది. మూలధనం ఎవరిదో తెలియాలంటే ఈసారి మీ రసీదు చూసుకోండి. జీఎస్టీ నంబరుతో సహా రాసి ఉంటుంది.